అడగవలసిన మనిషి పై అంతస్తులో ఉంది

ముప్పై నాలుగేళ్ళకే రిటైర్మెంటు ఏమిటని మా బంధువులు నవ్వుతారు. నా నడుము ఒప్పుకోలేదు, అంతే. కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రి, అందులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డు. పన్నెండేళ్ళు అక్కడ స్టాఫ్ నర్సుగా వంగి పనిచేశాను. బస్తాలు మోసేవాళ్ళకు వచ్చే వెన్నుజబ్బు, కిలో బరువు కూడా లేని మనుషుల్ని చూసుకున్నందుకు నాకు వచ్చింది.

ఇప్పుడు కడపలో అమ్మావాళ్ళ ఇంట్లో ఉంటున్నాను. మా వీధిలో నర్సింగ్ చదివే అమ్మాయిలు ఇద్దరున్నారు. మొన్న గేటు దగ్గర నిలబెట్టి, "అక్కా, ఆ వార్డులో పని ఎట్లుంటాది?" అని అడిగారు. "బాగుంటుంది" అని చెప్పి లోపలికి వచ్చేశాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు నోరు పెగలదు. కాగితం మీదైతే ఫర్వాలేదు. డ్యూటీ దిగి హాస్టలుకు వచ్చాక రాసుకున్న నోటు పుస్తకాలు పెట్టెలో ఉన్నాయి. వాటిని ముందేసుకుని ఆ ఇద్దరికోసం ఇది రాస్తున్నాను.

మందుల మోతాదులు, యంత్రాల సంగతి మీకు ట్రైనింగులో చెబుతారు. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. దాన్ని ఎవరూ ట్రైనింగులో చెప్పరు.

మగవాళ్ళను పిలువు

మా వార్డు కింది అంతస్తులో. బిడ్డను కన్న తల్లులు పై అంతస్తులో. మధ్యలో ఒక ర్యాంపు. ఆపరేషన్ అయిన తల్లి దాన్ని దిగి రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఈలోగా బిడ్డ గురించి చెప్పాల్సినవన్నీ ఉదయం రౌండ్సు కాగానే తలుపు బయట వరండాలో చెప్పేవాళ్ళం. మా ఇన్‌చార్జి షంషాద్ సిస్టర్ ఒకే మాట అనేది: "మగవాళ్ళను పిలువు." తండ్రి, తాత, మేనమామ, ఎవరుంటే వాళ్ళు వచ్చి చేతులు కట్టుకుని వినేవాళ్ళు. కూడా ఒక ముసలామె. వాళ్ళే పైకి వెళ్ళి తల్లితో "బిడ్డ బాగుండాది, అద్దాల పెట్టెలో పెట్టినారు" అనేవాళ్ళు. పచ్చి ఒళ్ళు కదా, దిగులు పడకూడదని.

ఇది తప్పని నాకు ఏనాడూ తోచలేదు. నేను చేరేసరికే అలా ఉంది.

తల్లి రాలేకపోయినా పాలు వచ్చేవి. పిండిన పాలను చిన్న సీసాలో పోసి, పేరు రాసి, ఆయా మద్దమ్మ కిందికి తెచ్చేది. ముక్కు గొట్టంలోంచి రెండు చుక్కలు, మూడు చుక్కలు పోసేవాళ్ళం. నర్సులందరికీ తెలిసిన ఒక గుర్తు ఉండేది: పాలు రావడం ఆగిపోయిందంటే ఆ ఇంట్లోవాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేసినట్టే. మర్నాడో మూడోనాడో తండ్రి వచ్చి కాగితం అడుగుతాడు. "మా ఇష్టంతోనే బిడ్డను తీసుకుపోతున్నాము" అని రాసి సంతకం చేసే కాగితం. వెంటిలేటరు తీసేసిన బిడ్డ ఊరి దాకా కూడా ఉండదని ఇచ్చేవాళ్ళకూ తెలుసు, తీసుకునేవాళ్ళకూ తెలుసు. ఆ కాగితం ఉండబట్టి ఎవరూ ఆ మాట అనవలసిన పని లేకపోయింది. మా వృత్తిలో నాకు నచ్చనిది ఏదైనా ఉంటే ఇదే. నిర్ణయం అందరం కలిసి చేసి, సంతకం మాత్రం ఒక కూలీ మనిషి చేత పెట్టించేవాళ్ళం.

జమ్మలమడుగు తల్లి

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. జమ్మలమడుగు వైపు నుంచి ఒక మగబిడ్డ వచ్చాడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టినవాడు. అరచేయి కన్నా కొంచెం పెద్ద. తలలో రక్తం వచ్చింది, కళ్ళు దెబ్బతిన్నాయి. ఊపిరితిత్తులు మూడుసార్లు చేతులెత్తేశాయి. మూడుసార్లూ మేము వెనక్కి లాక్కొచ్చాం. ఇంటికి పంపిన రోజు వార్డంతా కేకు తిన్నాం. గుండ్రంగా నిలబడి ఫొటో దిగాం.

మూడేళ్ళ తర్వాత ఆ తల్లి అతన్ని భుజాన వేసుకుని వచ్చింది. చూపు లేదు. మింగడం రాదు. రోజుకు నాలుగైదుసార్లు మూర్ఛ. నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది. "ఎందుకు సిస్టర్ బతికించినారు?" అంది. కోపం లేదు ఆ గొంతులో. టైం ఎంతయింది అని అడిగినట్టు అడిగింది.

 అప్పటినుంచి ప్రతి చిన్న బిడ్డ పెట్టె దగ్గరా ఆ మాటే వినబడేది. మన సంబరం కోసం బతికిస్తున్నామా, దాని ఫలితం ఎవరో మోస్తారా? ఇది మంచి ప్రశ్నే. మీరూ అడగండి. అయితే భయపడిన మనిషి చేతిలో మంచి ప్రశ్న కూడా మొద్దు కత్తి అవుతుందని నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది.

నేను చెప్పిన మాట

నేను తప్పు చేసింది ఇంకో బిడ్డ విషయంలో. ఆ బిడ్డ తల్లి పేరు ఎస్తేరు. ఆదోని అవతల పల్లె. తండ్రి యేసోబు. రెండెకరాల మెట్ట భూమి. వానలు లేని ఏడు ఊరంతా గుంటూరు వైపు మిరపకోతలకు పోతుంది. సుగ్గికి పోవడం అంటారు. ఎస్తేరు ఏడో నెలలోనూ సుగ్గిలోనే ఉంది. చేలో నొప్పులు వస్తే లారీలో ఊరికి తెచ్చి, అక్కణ్ణుంచి మా దగ్గరికి తెచ్చారు. ఆపరేషన్ చేశారు. తొమ్మిది వందల గ్రాముల ఆడబిడ్డ. వెంటిలేటరు మీద ఉంచాం.

నాలుగోరోజు తల స్కానింగులో రక్తస్రావం కనబడింది. ఐదోరోజు ఉదయం మా పెద్దసారు, అంటే యూనిట్ పెద్ద డాక్టరు, వరండాలోకి వచ్చారు. కోస్తా మనిషి. మాట మెత్తన, నడక వేగం. యేసోబు, అతని తల్లి రూతమ్మ నిలబడి ఉన్నారు.

"తలలో కొంత రక్తం చేరిందమ్మా. ఒక పక్క కాలూ చెయ్యీ బిగుసుకుపోవచ్చు. నడక ఆలస్యం కావచ్చు, రాకపోవచ్చు. తెలివి సంగతి ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. మామూలుగా ఉండేవాళ్ళూ ఉంటారు." అంతలో ఆపరేషన్ థియేటరు నుంచి పిలుపు వచ్చింది. "సిస్టర్, మీరు కొంచెం వివరంగా చెప్పండి" అని వెళ్ళిపోయారు.

రెండు మాటలు కలిపి మాట్లాడలేని నేను ఆ రోజు చాలా మాట్లాడాను. నా కళ్ళ ముందు ఉన్నది జమ్మలమడుగు బిడ్డ. సారు "కావచ్చు" అన్నవన్నీ నేను "అవుతుంది" అన్నాను. నడవదన్నాను. ఎప్పటికీ ఒక మనిషి పక్కనుండాలి అన్నాను. "మామూలుగా ఉండేవాళ్ళూ ఉంటారు" అన్న మాట అసలు ఎత్తనే లేదు.

రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా తమ్ముడొకడు ఉండె సిస్టరమ్మా. పుట్టినప్పట్నుంచే కాళ్ళు సచ్చుబడి. మాయమ్మ పోయినాక ముప్పై ఏండ్లు నేనే మోసినా. ఎత్తి కడిగేది, ఎత్తి తినిపిచ్చేది. నేను పోతే వాణ్ణి ఎవురు సూస్తారని ఒగటే దిగులు. దేవుడు దయసూసి వాణ్ణే ముందు తీస్కపాయె. మళ్ళా ఆ బతుకు ఈ పసిదానికి వద్దు తల్లీ."

యేసోబు తల వంచుకునే అడిగాడు. "మీరు శానామందిని సూసింటారు గదా సిస్టర్. మీ బిడ్డే అయితే ఏం జేస్తారు?"

నాకు పెళ్ళి కాలేదు. బిడ్డలు లేరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకు ఏ కోశానా లేదు. అయినా చెప్పాను.

"నేనైతే ఇంటికి తీసుకుపోతాను."

అతను చేతులు జోడించాడు. "అట్లనే అప్పా" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. సంఘం అయ్యగారిని పిలిపించి ప్రార్థన చేయించుకుని రేపు పొద్దున తీసుకుపోతామన్నారు. షంషాద్ సిస్టర్ కాగితం తీసి ఫైలులో పెట్టింది.

నాకు బాధ అనిపించలేదని కూడా రాయాలి. ఒక పసిదాన్ని నరకం నుంచి తప్పించాననే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం అన్నం కూడా బాగానే తిన్నాను.

ఆగని పాలు

మూడు గంటలకు మద్దమ్మ సీసా తెచ్చింది. పద్నాలుగు మిల్లీలీటర్లు. అంతకుముందు రోజు కన్నా ఎక్కువ. మూత మీద ఎస్తేరు పేరు.

"ఇదెవరు పంపినారు మద్దమ్మా?"

"ఎవురు పంపుతారు? పాలు ఉండేది తల్లికే గదా, నాకుంటాయా?" అని నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. "ఏమైందమ్మా?"

"వాళ్ళు రేపు తీసుకుపోతున్నారు గదా. ఆమెకు చెప్పలేదా?"

"ఆయమ్మా? పొద్దున్నుంచి పిండుతానే ఉండాది. కుట్లు నొప్పెడతాంటే పండ్లు కొరుక్కోని పిండుతాది. తూకం పెరిగిందా అని నన్నడిగితే, ఆ పెరిగింది లే అని నేనే అబద్ధం చెప్పినా. ఏందమ్మా, అట్ల సూస్తావు?"

పాలు ఆగితే నిర్ణయం అయినట్టు. నిర్ణయం అయ్యాక కూడా పాలు వస్తే ఏమిటో మాకెవరికీ ఒక గుర్తు లేదు. ఆరు గంటలకు మళ్ళీ వచ్చింది, ఈసారి ఇరవై.

షంషాద్ సిస్టరుకు చెప్పాను. ఆమె చెడ్డది కాదు. ముప్పై ఏళ్ళలో చూడకూడనివి చాలా చూసింది. "ఛోడో అమ్మా, వదిలేయ్. అది వాళ్ళింటి సంగతి. తండ్రి సంతకం సాలు. ఇప్పుడు ఆ పిల్లకు చెప్పి ఏడిపిస్తావా?" అంది. ఎప్పటిలాగే తల ఊపి వచ్చేశాను.

హాస్టల్లో జమ్మలమడుగు తల్లి వచ్చిన రోజు పేజీ తీశాను. నేను ఒక మాటే గుర్తుపెట్టుకున్నాను గానీ నా చేతి రాతలో రెండున్నాయి. "ఎందుకు సిస్టర్ బతికించినారు?" అని ఒకటి. దాని కింద, "అప్పుడు మీ అందరికీ తెలుసంట గదా. నాకెవురూ ఒక్క మాట చెప్పకపోతిరే. చెప్పింటే ఏం జేసిందునో, ఏమో. చెప్పింటే బాగుండు." మొదటిది నన్ను పట్టుకుంది. రెండోదాన్ని నేను రాసి మరచిపోయాను.

పెద్దసారు స్టూలు మీద కూర్చోవడం

పొద్దున రౌండ్సుకు ముందే సారు గది బయట నిలబడ్డాను. చెప్పాల్సింది చీటీ మీద రాసుకుని వెళ్ళాను. ఆయన రాగానే చీటీ ఇచ్చేద్దామనుకున్నాను గానీ చేయి రాలేదు. చదివినట్టే చెప్పాను. మీరు చెప్పని మాటలు నేను చెప్పాను సార్. నా బిడ్డయితే తీసుకుపోతానని కూడా అన్నాను. తల్లికి ఏమీ తెలియదు.

ఆయన తిడతారనుకున్నాను. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"తల్లి ఎక్కడుంది?"

"పైన సార్."

"మరి ఆమెను ఎందుకు పిలవలేదు?"

"మనం ఎప్పుడూ పిలవం సార్."

 ఆ వరండాలో మాట్లాడుతూ వచ్చింది ఆయనే కదా. "పిలుచుకురండి" అన్నారు.

చక్రాల కుర్చీ ఖాళీ లేదు. ఎస్తేరు ఒక చేత్తో కుట్లు, ఒక చేత్తో మద్దమ్మ భుజం పట్టుకుని ర్యాంపు దిగింది. సన్నటి మనిషి, ఇరవై రెండేళ్ళుంటాయేమో. మిరపకాయలు కోసిన వేళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సారు ఒక స్టూలు ఆమెకు వేయించి, ఇంకోటి లాక్కుని తనూ కూర్చున్నారు. ఆయన బంధువులతో కూర్చుని మాట్లాడటం మేమెవరం అంతకుముందు చూడలేదు. యేసోబు, రూతమ్మ గోడకు ఆనుకుని నిలబడ్డారు. సారు ముందురోజు మాటలనే మళ్ళీ చెప్పారు, ఈసారి నెమ్మదిగా, ఏదీ వదలకుండా.

ఎస్తేరు ఏడవలేదు. "ఇప్పుడు దానికి నొప్పి ఉండాదా సార్?"

"సూదులు గుచ్చినప్పుడు ఉంటుందమ్మా. మిగతాప్పుడు లేకుండా మందు ఇస్తున్నాం."

"పెద్దయితే నన్ను గుర్తుపడతాదా?"

"పడుతుందనే నా నమ్మకం. నడక సంగతి మాత్రం మాటివ్వలేను."

"నడవకుంటే ఏం సార్, నేను నడుస్తా గదా."

రూతమ్మకు కోపం వచ్చింది. "నువ్వు మోసినావా పాపా? మోసినదాన్ని నేను. నడుములు పడిపోతాయి."

"నువ్వే మోసినావత్తా, ఎవురు కాదన్న్యారు? ఒగ మాట చెప్పు. మీ తమ్ముడు నిన్ని సూస్తే నగేటోడా, కాదా?"

 రూతమ్మ గోడవైపు తిరిగి, "నగేటోడు" అంది. "నా అడుగు సప్పుడు ఇంటే సాలు, నగేటోడు."

యేసోబు భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. "సుగ్గి పోతాదే" అన్నాడు మెల్లగా.

"నువ్వు పో. నేను ఈడ ఉంటా." సారు వైపు తిరిగింది. "ఒగ వారం ఉంచండి సార్. నేను దగ్గరుండి సూస్తా. దానికి శాతకాకపోతే నేనే చెప్తా, సాలు అని."

సారు ఆ వారం గురించి కూడా మాట్లాడారు. మళ్ళీ రక్తస్రావం అయినా, ఊపిరితిత్తులు చెడిపోయినా ఇంకే యంత్రమూ పెట్టం, మీ ఒళ్ళో పెడతాం అన్నారు. ఎస్తేరు ఒప్పుకుంది. షంషాద్ సిస్టర్ ఫైలులోంచి కాగితం తీసి, మడిచి, తన చేతిసంచిలో పెట్టుకుంది. ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే వెంటిలేటరు తీయగలిగాం. బిడ్డను ఎస్తేరు రొమ్ముల మధ్య పడుకోబెట్టి గుడ్డ చుట్టాం. రూతమ్మ రోజూ వచ్చి, మేము కట్టిన కట్టు సరిగ్గా లేదని విప్పి మళ్ళీ కట్టేది. మద్దమ్మతో పేచీ పెట్టుకునేది.

"బిడ్డను గట్టిగ కట్టొద్దమ్మో, అది మూట గాదు."

"నువ్వు నాకు నేర్పిస్తావా? మా మూటలు ఎన్ని ఊర్లు తిరిగొచ్చినాయో తెలుసా?"

రెండు నెలలకు ఇంటికి వెళ్ళారు. దీవెన అని పేరు పెట్టారు.

అన్నిసార్లూ ఉంచడమే కాదు

ఇది చదివి, ఎంత కష్టమైనా బిడ్డను బతికించాలని చెబుతున్నాననుకోకండి. ఆ తర్వాత మా వార్డులో తల్లిని పిలవడం అలవాటైంది. నడవలేకపోతే స్ట్రెచరు మీద తెచ్చేవాళ్ళం. ఒకసారి నంద్యాల వైపు నుంచి వచ్చిన తల్లి, పేగు కుళ్ళిపోయిన బిడ్డ గురించి సారు చెప్పిందంతా విని, "సూదులు సాలు సార్" అంది. ఆమె వద్దన్నది బిడ్డను కాదు, సూదులను. గొట్టాలన్నీ తీసి ఒళ్ళో పెట్టాం. పొద్దున టిఫిన్ వేళ నుంచి మధ్యాహ్నం దాకా ఆమె అతనికి ఏవేవో కబుర్లు చెప్పింది. మేము తెర వేసి బయట నిలబడ్డాం. ఆ రోజు గురించి నాకు పశ్చాత్తాపం లేదు. వార్డులో నేను చూసిన మంచి రోజుల్లో దాన్ని కూడా లెక్కవేస్తాను.

ఎలాంటి బతుకు బతకదగినది అనేది మీకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. పన్నెండు గంటలు కాళ్ళ మీద నిలబడే మనకు, నడవలేకపోవడమే అన్నిటికన్నా పెద్ద కష్టమనిపిస్తుంది. మన కాళ్ళతో ఆ బిడ్డ బతుకును కొలుస్తాం. తల్లులు వేరేగా కొలుస్తారు. నొప్పి ఉంటుందా, నన్ను చూసి నవ్వుతుందా, నేను పోతే ఎవరున్నారు. వాళ్ళ ప్రశ్నలే సరైనవని నా అభిప్రాయం. "మీ బిడ్డయితే ఏం చేస్తారు" అని ఎవరైనా అడిగితే, "నాకు తెలియదు, మీకు ఏది భయంగా ఉందో చెప్పండి" అనండి. అది తప్పించుకోవడం కాదు. నిజంగానే మనకు తెలియదు.

మూడు మెట్లు

నేను ఉద్యోగం మానేసే నెల. మా దగ్గర పెరిగి వెళ్ళిన బిడ్డలను వారానికొకసారి చూసే ఓపీ ఉంటుంది. దాని తలుపు ముందు మూడు మెట్లు. పొద్దున్నే రద్దీగా ఉంది. ఎస్తేరు చీటీ కోసం వరుసలో నిలబడింది. మెట్ల దగ్గర రూతమ్మ, ఆమె చేయి పట్టుకుని ఐదేళ్ళ దీవెన.

కుడికాలు బిగుసుకుని ఉంది, బూటులోపల ప్లాస్టిక్ పట్టీ. కుడిచేయి ముడుచుకుని ఉంది. మాట నిదానం. మూర్ఛ మందు వేసుకుంటుంది. నేను ఆ వరండాలో భయపెట్టినదాంట్లో సగం నిజమే అయింది. అంగన్‌వాడీకి పోతుందని, అక్కడ పిల్లల పలకలన్నీ లాక్కుంటుందని రూతమ్మ ఫిర్యాదు చేసింది. సుగ్గికి కొడుకూ కోడలూ పోతే ఇప్పుడు ఆమే దీన్ని పెట్టుకుని ఊర్లో ఉంటుందట.

వెనక జనం తోసుకొస్తున్నారు. నడుం నొప్పి మరచిపోయి ఎత్తుకుందామని చేతులు చాచాను.

"ఉండు సిస్టరమ్మా!" రూతమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అడిగి ఎత్తుకో. అడగకుండా ఎత్తుకుంటే కరుస్తాది. మా ఇంట్లో అందరికీ కరిసింది."

నేను కూర్చుని, దాని మొహానికి నా మొహం సమానం చేసుకున్నాను. "దీవెనా, ఎత్తుకోమంటావా?"

అది నన్ను చూసింది. మూడు మెట్లనూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. తొందరేమీ లేదు దానికి.

"వద్దు" అంది.

ఎడమకాలు మొదటి మెట్టు మీద పెట్టి, కుడికాలును లాక్కుంటూ ఎక్కడం మొదలుపెట్టింది. వెనకున్న వరుస ఆగింది. రూతమ్మ కొంగు దోపుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టి, "తోయద్దప్పా, యాడికి పోతాది ఆ డాక్టరు" అని అందరినీ ఆపుతూ నిలబడింది.